పదికి పది ఇచ్చిన తిరుమలరావు

తిరుమలరావు గెలిచిన తగువు ఒకటి నేను దగ్గరుండి చూశాను. కంచరపాలెంలో మా వీధి ఎంత వెడల్పంటే, ఎదురుగా స్కూటరొస్తే మనిషి బల్లిలా గోడకి అతుక్కోవాలి. అలాంటి వీధిలో వీర్రాజు తన మనవరాలి ఓణీల ఫంక్షనని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా షామియానా వేయించాడు. పార్టీలో నలుగురు తెలుసన్న పొగరు ఆయనకి. సరిగ్గా ఆ పొద్దునే తిరుమలరావు కారు అటు రావాల్సి వచ్చింది. లోపల మహాలక్ష్మమ్మ ఉంది. కిడ్నీలు పాడైన మనిషి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకోకపోతే ఊపిరాడదు. ఆమెకి తోడు నేను.

కర్ర ఒక్కటి తీయించండి, కారు పోతుంది అని అడిగాడు తిరుమలరావు. వెనక్కి తిప్పుకుని పొమ్మన్నాడు వీర్రాజు. వెనక వంటలవాళ్ళ వ్యాను అడ్డంగా ఉంది. జనం మూగారు. వేరే డ్రైవరైతే తల్లీ చెల్లీ అని తిట్లందుకునేవాడు. ఇతను కారు దిగి, మహాలక్ష్మమ్మని చెయ్యి పట్టుకుని దింపి, నడిపించుకెళ్ళి, ఓణీల పిల్ల కోసం పూలు కట్టిన పెద్ద కుర్చీలో కూచోబెట్టాడు.

"ఈవిడకి బొట్టెట్టి అక్షింతలెయ్యండి మావయ్యా. మీరు దారి ఇచ్చినప్పుడే ఎల్తాం. నాకు తొందర నేదు, ఆవిడికే తొందర" అన్నాడు.

మహాలక్ష్మమ్మ కూడా తక్కువది కాదు, కొంగు సర్దుకుని పెళ్ళికూతురిలా కూచుంది. ఫోటోలవాడు పొరపాటున ఒక ఫోటో కూడా తీశాడు. వీర్రాజు పెళ్ళామే పరిగెత్తుకొచ్చి కర్రలు పీకించింది.

అలాంటి మనిషి ఒక కారు షోరూం దగ్గర ఎలా నీరుగారిపోయాడో చెప్పాలని ఇది రాస్తున్నాను. నాకింకా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

తిరుమలరావు మా మేడ మీద వాటాలో ఉంటాడు, నన్ను పిన్నీ అంటాడు. ఎలమంచిలి అవతల పల్లె, చెరుకు పండించే ఇల్లు. అన్నదమ్ములకి భూమి చాలక పోర్టు లారీకి క్లీనరుగా వచ్చాడు. బొగ్గు తోలాడు, ఇనుపరాయి తోలాడు, ఒళ్ళు నల్లబడేదాకా తోలాడు. తర్వాత సొంతానికి కారు కొనుక్కున్నాడు. పెళ్ళాం రోజారమణి బట్టలకొట్లో పనికి పోతుంది. పిల్లలు లేరు. కారే వాళ్ళ పిల్ల అనుకోండి. పొద్దున్నే దాని చుట్టూ తిరిగి, చక్రాలు కాలితో తట్టి చూసి, స్టీరింగు తాకి కళ్ళకద్దుకుంటే గానీ బయల్దేరడు. నేను ఎండుచేపలు కొనుక్కుని ఎక్కితే, సంచి మీద సంచి తొడిగి డిక్కీలో పెట్టేదాకా బండి కదిపేవాడు కాదు. వాసన పట్టేస్తుందట.

అతని కిరాయిలన్నీ ఆస్పత్రివే. రోగిని దింపి పోడు, అక్కడే ఉంటాడు. మిషను మీద నాలుగ్గంటలైతే నాలుగ్గంటలూ ఉండి, నీరసంగా వచ్చిన మనిషికి వెనక సీట్లో దిండు సర్ది, గతుకు లేని దారి వెతుక్కుంటూ తెస్తాడు. మహాలక్ష్మమ్మ ఇంకొకళ్ళ బండి ఎక్కనని కొడుకుతో ఖరాఖండీగా చెప్పేసిందంటే ఊరికే కాదు.

ఆ కారు ఒక్కరోజు మొరాయించింది లేదు. అలాంటిదానికి ఒకనాడు ఫోన్‌లో కబురొచ్చింది. ఆ ఏడాది తయారైన బళ్ళలో పెట్రోలు లాగే మోటారు మంచిది కాదట, నడిరోడ్డులో ఆగిపోయే ప్రమాదం ఉందట, తీసుకొస్తే కంపెనీయే ఊరికే మారుస్తుందట. దాన్ని రీకాల్ అంటారని తిరుమలరావు చెప్పాడు.

నొప్పి లేని పన్ను ఎవరైనా పీకించుకుంటారేటిరా అన్నాను నేను. కంపెనీవాడు తన తప్పు తనే ఒప్పుకుని పిలుస్తుంటే వెళ్ళకపోవడం మనదే తప్పవుతుందన్నాడు. అతను మహాలక్ష్మమ్మ గురించే వెళ్ళాడు, అది నాకు తెలుసు. దారిలో ఆగిపోతే ఆమె గతేం కావాలని.

గోపాలపట్నంలో హైవే పక్కనే ఆ షోరూం, దాని వెనకే సర్వీసు షెడ్డు. పొద్దున ఇచ్చాడు, సాయంత్రం తెచ్చుకున్నాడు. కడిగి తుడిచి పెళ్ళికొడుకులా ఇచ్చారు. లోపల కూచుంటే పెట్రోలు కంపు. ఎండుచేపలకి ముక్కు మూసుకున్న మనిషి ఆ కంపులో నాలుగు కిటికీలూ దించుకుని తిరిగాడు. వెనక సీటు కిందనుంచేనట ఆ మోటారు బిగించేది. సీటు తిరిగి సరిగ్గా కూర్చోలేదు, గుంట వస్తే చాలు చిడతలు వాయిస్తుంది.

మర్నాడు ఆస్పత్రి రోజు. హనుమంతవాక దాటి ఎత్తు ఎక్కుతున్నాం. సగం ఎక్కాక బండి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, చచ్చిపోయింది. వెనక లారీలు. ఒకటే హారన్లు. తిరుమలరావు బ్రేకు మీద నిలబడ్డట్టు కూచుని, పిన్నీ బేగి దిగి చక్రం వెనక రాయెట్టు అన్నాడు. ఈ వయసులో హైవే మీద రాళ్ళేరుకునే భాగ్యం కూడా నాకు రాసిపెట్టి ఉంది. మహాలక్ష్మమ్మ పెట్రోలు కంపుకి వాంతి చేసుకుంది. ఎండలో ఆటో కోసం నిలబడ్డాం. ఆస్పత్రికి చేరేసరికి ఆమె మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. మళ్ళీ ఖాళీ అయ్యేదాకా బల్ల మీద కూచుంది. కాళ్ళు పొట్లకాయల్లా ఉబ్బిపోయాయి. తిరుమలరావుని ఒక్క మాట అనలేదు. అననందుకే అతను ఎక్కువ కుమిలాడు. వాళ్ళబ్బాయి మాత్రం సాయంత్రం వచ్చి మర్యాదగానే చెప్పాడు, బండి బాగయితే సరే, లేకపోతే వేరే కారు చూసుకుంటామని.

బాగయ్యేదాకా ఆమెనే కాదు, ఏ రోగినీ ఎక్కించనన్నాడు తిరుమలరావు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజులన్నీ ఆమెని ఆటోలో తనే తోడుండి తీసుకెళ్ళేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించుకునేది, అతను మొహం పక్కకి తిప్పుకునేవాడు.

ఇక షెడ్డు ప్రదక్షిణాలు మొదలయ్యాయి. అక్కడ మన బండి రాసుకుని లోపలికి పంపేవాడు ఉదయ్‌కుమార్ అని ముప్పై ఏళ్ళవాడు. మెళ్ళో టై, నోట్లో తేనె. బండి కాగితం మీద ఊరి పేరు చూశాడు, మాది ఎలమంచిలి దగ్గరే అన్నాడు, ఎవరి తాలూకని తవ్వాడు. తవ్వగా తవ్వగా రోజారమణి పెద్దమ్మని వాళ్ళ పెదనాన్నకే ఇచ్చారని తేలింది. అంతే, బావా అన్నాడు. ఆ క్షణంలోనే మా తిరుమలరావు సగం చచ్చాడు.

మొదటిసారి బంకులో కల్తీ పెట్రోలు పోశారన్నారు. రెండోసారి ఎలకలు వైరు కొరికాయన్నారు. మా వీధిలో ఎలకలున్న మాట నిజమే గానీ, అవి రీకాల్ అయ్యేదాకా ఆగి కొరికాయా అని నేనడిగాను. మూడోసారి పెట్రోలు బండికి పెట్రోలు వాసన రాకపోతే గంధం వాసన వస్తుందా అన్నాడట లోపలి మెకానిక్కు. ప్రతిసారీ లాప్‌టాప్ తగిలించడం, అందులో తప్పేం చూపించట్లేదనడం, ట్రయలు వేసి బాగుందనడం.

వాళ్ళ ట్రయలు ఎక్కడో తెలుసా? షెడ్డు ముందు రోడ్డు మీద. పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. తిరుమలరావు ఎప్పుడో కనిపెట్టాడు. ట్యాంకు సగానికి తగ్గి, బండి ముక్కు పైకెత్తితేనే ఆగుతోంది. నిండా పోయిస్తే ఆగదు గానీ కంపు కొడుతుంది. హనుమంతవాక దాకా ఒక్కసారి వచ్చి చూడండని బతిమాలాడు. ట్రయలుకి అంత దూరం పోకూడదని వాళ్ళకి రూలట. రోగం కొండ మీద, వైద్యం చదును మీద.

ఇంతవరకూ షెడ్డువాళ్ళ పాపం. ఇక్కడనుంచి మావాడి పాపం.

రిపేరు చేసి బండి ఇచ్చిన ప్రతి సాయంత్రం కంపెనీ పెద్దాఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. పనికి పదికి ఎన్ని మార్కులిస్తారు సార్ అంటుంది. దానికి ముందే ఉదయ్‌కుమార్ ఫోన్ చేసేవాడు. బావా, పది అని చెప్పు బావా, తొమ్మిదన్నా నా మెడ మీద కత్తే, చంటిపిల్లున్న ఇల్లు అనేవాడు. కంపుకొట్టే కారులో కూచుని, చిడతలు వాయించే సీటు మీద కూచుని, ఈ మహానుభావుడు ఆ అమ్మాయికి మూడుసార్లూ పదికి పది చెప్పాడు. నాకు తెలీదు. తెలిస్తే ఆ ఫోన్ నూతిలో పారేసేదాన్ని.

తెలిసింది ఎలాగంటే, మొన్న తెచ్చిన బండి మళ్ళీ అదే ఎత్తు మీద ఆగింది. ఒంటరిగా పరీక్ష చేసుకోవడానికి వెళ్ళాడు, ఇంకొకడి లారీకి తాడు కట్టించుకుని వచ్చాడు. తిన్నగా మా అరుగు మీద కూచుని కంపెనీ పెద్దాఫీసుకే ఫోన్ కొట్టాడు. నేను పక్కనే చిక్కుళ్ళు ఒలుచుకుంటున్నాను. మొదట వీర్రాజుతో మాటాడిన తిరుమలరావే. గొంతు లేపకుండా ఒక్కోటీ చెప్పుకొచ్చాడు. అవతలి అమ్మాయి ఓపిగ్గా విన్నది. స్పీకరులో నాకూ వినపడింది.

"సార్, మీరు మూడుసార్లూ పదికి పది ఇచ్చారు. మా దగ్గర మీరు పూర్తి సంతృప్తిగా ఉన్న కస్టమర్ సార్. తక్కువ మార్కులొచ్చిన బళ్ళకే పైనుంచి ఇంజినీరుని పంపుతాం. ఆయనైతే మీరు చెప్పిన రోడ్డు మీదే నడిపి చూస్తారు."

ఆమె ఇంకేమైనా సాయం కావాలా సార్ అని కూడా అడిగింది, పాపం.

ఆమె పెట్టేశాక నేను మొదలెట్టాను. నా నోటి సంగతి ఈ వీధికి తెలుసు. వీర్రాజుని కుర్చీతో కొట్టినవాడివి, టై కట్టుకున్నవాడికి సాష్టాంగపడతావా అన్నాను. మహాలక్ష్మమ్మ ఆటోలో ఎగిరెగిరి పడుతుంటే ఆ పదులు ఎవరి మొహాన వేశావన్నాను. నీ కారు ఆగలేదు, నీ నోరు ఆగిందన్నాను. మెట్ల మీంచి రోజారమణి వింటోంది, మొగుడిని వెనకేసుకొస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

అన్ని తిట్లూ తిని నోరు విప్పాడు.

"వీర్రాజు మావయ్య పరాయోడు పిన్నీ. పరాయోడితో తగువెంతసేపు? ఈడు బావా అంటన్నాడు. పిల్ల ఫోటో సూపించేడు. ఆ మాట ఇన్నాక తొమ్మిది అందామన్నా నా నోరు తిరగలేదు."

అయితే బండి అమ్మేసుకుని బావమరిదికి అక్షింతలెయ్యి అన్నాను. నవ్వలేదు. చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఒలవబోయి, గింజలు కింద పోశాడు. మహాలక్ష్మమ్మ కొడుకు వేరే కారు మాటాడేశాడని, ఈ శుక్రవారం లోపు బండి బాగవకపోతే ఆమె దాంట్లోనే వెళ్తుందని అప్పుడు చెప్పాడు. ఆమె ఏమందిరా అని అడిగాను. తల అడ్డంగా ఊపిందట, కానీ కొడుకు మాట కాదనే ఓపిక ఇప్పుడామెకి లేదట.

మర్నాడు బండిని మళ్ళీ తాడు కట్టించి షెడ్డుకి పంపాడు. ఉదయ్‌కుమార్ బావా అనే అన్నాడట. ఈసారి మోటారు మీది రబ్బరు మారుస్తామని, సాయంత్రానికి ఇస్తామని, ట్రయలు మామూలు చోటే వేస్తామని చెప్పాడట. తిరుమలరావు కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. వచ్చి, అన్నం కూడా తినకుండా నా దగ్గర కూచున్నాడు. నేను మళ్ళీ తిడతాననుకున్నాడేమో, నా మొహం చూడకుండా వీధిలోకి చూస్తూ మాటాడాడు.

"పిన్నీ, ఈసారి కాగితం మీద నా నంబరు ఎయ్యలేదు, నీ నంబరు రాయించీసేను. సాయంత్రం ఆ అమ్మాయి నీకే ఫోన్ సేత్తాది. ఎన్ని మార్కులని అడిగితే సున్నా అను. ఎత్తు మీద బండి ఆగిపోతంది, ఇంజినీరు ఎక్కి సూడాలని సెప్పు. మరేటీ అనకు, తిట్టకు. ఉదయ్ గురించి అడిగితే మాత్రం, ఆ కుర్రోడు మర్యాదగానే ఉన్నాడు, బిగించినోళ్ళదే తప్పని సెప్పు పిన్నీ. ఆ మాట మర్చిపోకు."