బకెట్‌లో పొగ

ఊరి పేరు చెన్నైగా మారిన తర్వాతి వేసవిలో, కాలేజీ సెలవులకు తొండియార్‌పేటలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో మామ, అత్త కలిసి మోటారు సైకిళ్ల హెడ్‌లైట్ చుట్టూ బిగించే ఫైబర్ డూములు చేసేవాళ్లు. జిగురులాంటి చిక్కటి రెజిన్‌లో, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ కాస్త కలిపి, అచ్చులో పరిచిన గాజు పీచు మీద బ్రష్షుతో పూస్తే, కాసేపటికి గట్టిపడి డూము తయారవుతుంది. జనవరి చలిలో నేర్చుకున్న కొలతనే వాళ్లు అప్పటికీ వాడుతున్నారు.

ఆ రోజు పెద్ద ఆర్డరు. ఎప్పుడూ చిన్న మగ్గులో కలిపే మామ, ఆలస్యమవుతుందని బకెట్ నిండా ఒకేసారి కలిపేశాడు. కరెంటు లేదు. రేకుల కింద గాలి ఆడడం లేదు. వీధిలోంచి ఎవరో పిలిస్తే మామ బయటికి వెళ్లాడు. నేను పీచు కత్తిరిస్తూ కూర్చున్నాను.

ముందు వాసన మారింది. గొంతు పట్టేసే ఘాటు. తల తిప్పి చూస్తే బకెట్‌లోంచి తెల్లటి పొగ. దగ్గర్లో నిప్పు లేదు, పొయ్యి లేదు. చూస్తుండగానే ప్లాస్టిక్ బకెట్ మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోయింది.

మామ పరుగెత్తుకొచ్చి బకెట్ పట్టుకోబోయాడు.

"ముట్టుకోబాకండి!" అత్త అరిచింది. "పాపా, బయటికి పో, శీక్రం!"

అప్పటికే మామ వేళ్లు కాలాయి. అత్త మా ఇద్దర్నీ సందులోకి లాగి, మామ చేతి మీద చల్లటి నీళ్లు పోస్తూ ఉంది. లోపల పటపటమని ఏదో పగులుతున్న చప్పుడు.

"జనవరిలో పోసిన కొలతే గదా పోసినా! ఏంది మే ఇట్టా అయింది?" మామ నీళ్ల కింద చెయ్యి తిప్పుతూ అడిగాడు.

"కొలత అదే మామా, ఎండ వేరే గదా. గట్టిపడేటప్పుడు దానికదే వేడి పుడతాది. మగ్గులో అయితే ఆ వేడి బయటికి పోతాది. బకెట్‌లో లోపలే ఉండిపోయింది. వేడెక్కేకొద్దీ ఇంకా వేగంగా గట్టిపడతా, ఇంకా వేడి పుట్టించింది," అన్నాను.

వేడితో పాటు చర్య వేగం పెరుగుతుందని పరీక్షలో గీత గీసి చూపినదాన్నే. ఆ గీత ఒక బకెట్‌ను కరిగిస్తుందని ఎన్నడూ ఊహించలేదు.

సాయంత్రం లోపలికి వెళ్లాం. నెర్రెలు విచ్చిన పసుప్పచ్చ బండ, మధ్యలో నిలువునా ఇరుక్కున్న బ్రష్షు. వంగి చూస్తే ఇంకా వేడి మొహానికి కొట్టింది. ముగ్గురం గబుక్కున వెనక్కి జరిగాం.

మామ వేళ్ల బొబ్బలు మానాక పని మళ్లీ మొదలైంది. చల్లటి పొద్దున పూట, చిన్న మగ్గుల్లో, తక్కువ క్యాటలిస్ట్‌తో. కలిపిన మగ్గు వదిలి ఎవరూ అటూ ఇటూ కదిలేవాళ్లు కాదు. నేను మాత్రం సెలవులు అయిపోయేదాకా గుమ్మం దగ్గరే నిలబడి చూశాను.