గోడ మీద సున్నా

వరంగల్‌లో మా వాడకు ప్రతి శుక్రవారం ఒక ఆశా వర్కర్ వచ్చేది. గేటు తీయగానే, "ఎక్కడన్న నీళ్లు నిలిచినయా అమ్మా?" అనేది. కుండీ కింది పళ్లెం నుంచి కొబ్బరి చిప్ప దాకా అన్నీ ఒంపి బోర్లించేది. దోమ పురుగులు కనపడకపోతే గేటు పక్క గోడ మీద సుద్దముక్కతో సున్నా చుట్టేది.

ఆ రోజు నేను అప్పుడే ఇల్లు తుడిచాను. డాబా మీదికి ఇంట్లోంచే మెట్లు. బురద అంటిన ఆమె పాదాల వంక చూసి, "పైన ఏం లెవ్వు, నిన్ననే చూసిన" అని అబద్ధమాడాను. ఆమె నమ్మి సున్నా చుట్టింది.

వారం తిరగకుండానే ఎదురింటి పాప డెంగీతో దవాఖానలో చేరింది. ఆశా వర్కర్ పరుగున వచ్చి మా డాబా ఎక్కింది. పాత కూలర్ తొట్టి నిండా పురుగులే. నన్నొక్క మాట అనకుండా తొట్టి బోర్లించింది. కిందికొచ్చి కొంగుతో సున్నా తుడిచేస్తుంటే, పాప నానమ్మ ఏమైందని అడిగింది.

"నాదే తప్పు పెద్దమ్మా. ఎక్కి చూడకుంటనే రాసిన."

పక్కనే ఉన్న నేను గేటు లోపలికి జరిగాను.

తర్వాతి శుక్రవారం ఆమె మా గేటు దగ్గరి నల్లా కింద రెండు కాళ్లూ రుద్ది రుద్ది కడుక్కుంది.

"ఇప్పుడు పైకి పోవచ్చునా అమ్మా?" అని అడిగింది.