ఊపిరికి పద్దు లేదు

తిరువూరులో మా వీధి చివర ఉండే సైన్సు మాస్టారు మొన్న తెల్లవారుజామున కన్నుమూశారు. కబురు తెచ్చిన పాలాయన గుమ్మం బయటే నిలబడి, "మాస్టారి ఆయాసం తీరిపోయిందండీ" అన్నాడు. అంతకు మించిన చరమశ్లోకం నాకు చేతకాదు.

శ్వాసను హంస అన్నారు పెద్దలు. లోనికి పోవడం, వెలికి రావడం కలిసి ఒక జపమన్నారు. ఈ మాట నేను ఎత్తినప్పుడల్లా ఆయన నవ్వి, "నా హంస ఈల వేస్తోందండీ శాస్త్రిగారూ" అనేవారు. చుట్ట ముట్టని మనిషి. తల్లి కందికంపతో వండిన పొగలో పెరిగారు. ఆ పొగే ఊపిరితిత్తుల్లో నిలిచిపోయిందని ఆయన అనుమానం. అది అనుమానంగానే మిగిలిపోకూడదని పట్టుదల.

బళ్ళో అగ్గిపుల్ల వెలిగించి, నోరు బాగా తెరిచి ఊదమనేవారు. ఆర్పలేకపోతే ఊపిరి తరిగినట్టు. అదే పరీక్ష వీధిలోని ఆడవాళ్ళకు పెట్టబోతే ఒక్కరూ ఊదలేదు. "నిప్పుని నోటితో ఆర్పుతామా మాస్టారూ, అశుభం కాదూ?" అన్నారు. ఆయన వాదించలేదు. మర్నాడు అరచేతిలో దూదిపింజ పెట్టుకొచ్చారు. చాలామంది ఊదినా అది ఎగరలేదు, వణికి ఊరుకుంది. ఊపిరిని వినడం నేను అక్కడ నేర్చుకున్నాను.

ఆ యేడే పంచాయతీ సమితి సభకు నన్నూ వెంటబెట్టుకు వెళ్ళారు. ఈ జబ్బు ఎందుకొస్తుందో పరిశోధించడానికి వైద్య కళాశాలకు సర్కారు సొమ్ము ఇప్పించాలని, తేలినదాన్ని బడుల్లో చెప్పించాలని అడిగారు.

"మందులడిగితే అర్థముంది. ఊపిరి పీల్చడం కూడా పాఠమేంటి మాస్టారూ? ఏ పద్దు కింద రాయమంటారు?" అన్నారొక సభ్యుడు. అందరూ నవ్వారు.

"రోడ్డుకి పద్దుంది, బావికి పద్దుంది. గాలి ఊరందరిదీ అయినప్పుడు ఆయాసం..." అంటూనే ఊపిరందక కూర్చుండిపోయారు. తేరుకున్నాక, "నాకోసం కాదండీ" అన్నారు.

వచ్చే యేడు చూద్దామన్నారు. ఆ వచ్చే యేడూ అదే మాట అన్నారు. ఎవరికోసమో నేనూ అడగలేదు.

మొన్న ఆయన తలాపున దీపం పెట్టి, ఎవరో అగరొత్తులు వెలిగించారు. ఆయన ఇల్లాలు లేచి, "తీసెయ్యండి. ఆయనకి పొగ పడదు" అంటూ వాటిని తామే పెరట్లోకి పట్టుకుపోయారు. తిరిగివస్తూ గడప దగ్గర ఆగి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు. గదిలో మాటలు ఆగిపోయాయి. మాస్టారు నిశ్చలంగా పడుకుని ఉన్నారు. ఆ ఈల మాత్రం గడప దగ్గర వినిపిస్తోంది.