నవల్లో పోయినవాళ్లకి తలస్నానం

నవల్లో ఎవరైనా పోతే బసవమ్మగారు తలస్నానం చేస్తారు. పోయింది హీరో అయినా సరే, రెండో పేజీలో వచ్చి మూడో పేజీలో పోయే తోటమాలి అయినా సరే, ఆవిడ దగ్గర తేడా లేదు. పుస్తకం బోర్లించి, చెంబులకొద్దీ నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంటారు. ఆ పూట దేవుడి గదిలో దీపం పెట్టరు, కూరలో తాలింపు వేయరు.

జగ్గయ్యపేటలో ఆవిడ ఇంటి మేడ మీద గదిలోకి నేను అద్దెకు దిగినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓ సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికి కింద ఏడుపు. కంగారుగా వెళ్లాను.

“ఏమైందండీ పిన్నిగారూ?”

“పోయాడు బాబూ! చెట్టంత మనిషి!”

“ఎవరండీ?”

“ఇంజనీరు ప్రభంజనరావు. నూట యాభయ్యో పేజీ దాకా నిక్షేపంలా ఉన్నాడు.”

ఏమనాలో తోచక “అయ్యో” అన్నాను. ఆ ఒక్క మాటతో నేను పలకరించడానికి వచ్చినవాడి కింద లెక్కయిపోయాను. పదకొండో రోజున ప్రభంజనరావు పేరు మీద మేడ మీదికి వేడి వేడి గారెలు వచ్చాయి.

నా పరిస్థితి నయం. ఓసారి ఆవిడ వత్సవాయిలో చుట్టాలకు ఫోన్ చేసి ఇలాగే ఏడ్చారు. వాళ్లు ఏడుపు విన్నారు గానీ వివరాలు అడగలేదు. గంట తిరక్కుండా ఆటో నిండా దిగారు, చేతిలో గులాబీ దండతో సహా.

“ఏదమ్మా, మనిషిని ఎక్కడ పడుకోబెట్టారు?” అన్నాడు పెద్దాయన.

బసవమ్మగారు పుస్తకం చూపించారు. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని, “ఎన్నేళ్లుంటాయి?” అన్నాడు.

“ముప్పై రెండే, బాబాయ్.”

“పిల్లలా?”

“ఇద్దరూ చిన్నవాళ్లే.”

“అయ్యయ్యో!” అని ఆడవాళ్లు నిజంగానే ముక్కు చీదారు. దండ తిరిగి తీసుకెళ్లడం బాగుండదని పుస్తకం మీదే వేసి వెళ్లారు. అట్ట మీద ఎర్ర మరకలు చూసి లైబ్రేరియన్ మాత్రం ఎవరి రక్తమని హడలిపోయాడట.

అలాగని రచయితలంటే ఆవిడకు గౌరవమేమీ లేదు. “వీళ్లకి చావు రాయడం చేతకాదు బాబూ,” అనేవారు. “పోయేవాడు పేజీన్నర ఉపన్యాసమిస్తాడు. ఉరుములు ఉరుముతాయి, దీపం ఆరిపోతుంది. మా మామగారు పోయేముందు ఏమన్నారో తెలుసా? మజ్జిగలో ఉప్పు వేశావా అన్నారు. అంతే. పైగా మనిషి పోగానే వీళ్లు ‘సమాప్తం’ అని పడేస్తారు. పాడె ఎవరు కట్టారు, పిల్లలకి అన్నం ఎవరు పెట్టారు, ఒక్కడూ రాయడు. చదివేవాళ్లు భయపడి చావరూ మరి!”

భయపడేవాడు ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ భర్త శాంతయ్యగారు పత్తి వ్యాపారంలో ఎంతమందినో గడగడలాడించిన మనిషి. వీధి చివర చావు డప్పు వినబడితే మాత్రం పెరటి గుమ్మంలోంచి మాయం. కన్నతండ్రి పోయిన రోజునా అంతే, నందిగామ బస్సెక్కేశారు. తలకొరివి పాలివాళ్లు పెట్టారు.

తల్లి పున్నమ్మగారు తొంభైకి దగ్గర పడ్డారు. ఆవిడకు చావంటే బెంగ లేదు. “నా పనీ పాలివాళ్లే చేస్తారు కాబోలు బాబూ,” అని ఓసారి నాతో నవ్వుతూనే అన్నారు. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఇదంతా తెలిసి కూడా బసవమ్మగారు రోజూ మధ్యాహ్నం వసారాలో కూర్చుని చావు ఘట్టాలే పైకి చదివేవారు. మొదట్లో శాంతయ్యగారు చెవులు మూసుకుని టీకొట్టుకు పోయేవారు. కొన్నాళ్లకు గేటు దాకా వెళ్లి ఆగేవారు. ఒకరోజు నవల్లో ఓ జమీందారు పోతే అక్కణ్నుంచే, “కొరివికి ఆ జమీందారు కొడుకు వచ్చాడా?” అని అడిగారు.

“రచయిత రాయలేదండీ. పాపం, దిక్కులేకుండా పడున్నాడు. మనమే కానిద్దాం, ఆ కుండ అందుకోండి.”

మేడ మీంచి నా కళ్లారా చూశాను. నీళ్లకుండ మోస్తూ శాంతయ్యగారు కొబ్బరిచెట్టు చుట్టూ తిరుగుతున్నారు. మంచం మీంచి పున్నమ్మగారి కేకలు:

“ఎడం భుజంరా సన్నాసీ! వెనక్కి తిరిగి చూడకు!”

“చూడట్లేదమ్మా!”

తీరా వదిలెయ్యమంటే కుండను కాలి మీద వదులుకున్నారు. జమీందారు దినం అయ్యేదాకా ఆయన కుంటుతూనే తిరిగారు. ఇల్లంతా కలిసి పిచ్చెక్కిందని తేల్చుకుని నేను వేరే గది కోసం వాకబు మొదలుపెట్టాను.

గది దొరకలేదు, నా అదృష్టం. మొన్న వానాకాలంలో ఓ తెల్లవారుజామున పున్నమ్మగారు నిద్రలోనే పోయారు. ఏడుపు విని మెట్లు దిగుతూ నేను మొదట చూసింది పెరటి గుమ్మం వైపు. గడియ వేసే ఉంది. శాంతయ్యగారు తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నారు.

“బాబూ, పాలివాళ్లకి ఫోన్ చెయ్యి,” అన్నారు. మళ్లీ పాలివాళ్లేనా అనుకున్నాను. “మొయ్యడానికి రమ్మను. కొరివి నేనే పెడతా.”

శ్మశానంలో ఆయన ఎడమ భుజాన కుండ పెట్టుకుని చితి చుట్టూ తిరిగారు. వెక్కి వెక్కి ఏడ్చారు గానీ అడుగు తడబడలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. నాకు కళ్లు నిండిపోయాయి. అంత దుఃఖంలోనూ ఆయన్ని చూసి చప్పట్లు కొట్టాలనిపించింది.

పెద్దకర్మ అయ్యాక బసవమ్మగారిని అడిగేశాను. “ఇన్నాళ్లూ ఇదంతా బాబాయిగారి కోసమేనా?”

“మరి నాకేమన్నా పిచ్చా? కాగితంలో మనిషి పోతే మైలేంటి! మా అత్తయ్యే అంది, ‘వాడికి ముందు పరాయివాళ్ల మీద అలవాటు చెయ్యవే’ అని.”

“మరి ప్రభంజనరావు పోయినప్పుడు అంత ఏడ్చారే?”

“అది నిజం ఏడుపే బాబూ. మంచివాడు.”

ఆ అత్తాకోడళ్లిద్దరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నెల తిరిగాక ఆవిడ మళ్లీ లైబ్రరీకి వెళ్లొచ్చి నన్ను కిందికి పిలిచారు.

“ఇందులో ఎవరూ పోరు. చివరి పేజీ చూసే తెచ్చా.”

“హమ్మయ్య.”

“హీరో నీ ఈడువాడే. పెళ్లిచూపులంటే ఊరు వదిలి పారిపోతాడట. మొన్న మీ అమ్మగారు ఫోన్ చేశార్లే. కూర్చో, చదువుతా.”

నేను గబుక్కున లేచి మెట్ల వైపు తిరిగాను. దారికి అడ్డంగా శాంతయ్యగారు నిలబడి ఉన్నారు.

“కూర్చో బాబూ,” అన్నారు నా భుజం తట్టి. “మొదటి పుస్తకమే కాస్త కష్టం.”