సున్నపు తేట ఇరవై చుక్కలు

దయ్యాలున్నాయంటే నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. పిల్లలకు సైన్సు చెప్పి బతికినవాణ్ణి. అయినా ఈ ఒక్క సంగతికి నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

అప్పటికి దొరలు పోలేదు. మార్కాపురం హైస్కూలులో చేరి రెండేండ్లయింది. మా బడి పిల్లల్లో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. కొంచెమైనా చూపిద్దామని గాజుతొట్టి చేయించినా. అడుగున మార్కాపురం పలకరాయి, చుట్టూ టేకు చట్రం. చీరాల నుంచి ఊరగాయ జాడీల్లో సముద్రపు నీళ్లు, ఏడు చిన్న చేపలు రైల్లో తెచ్చినా.

కొత్త తొట్టిలో నీళ్లు నిలకడగా ఉండవు. మంచి సముద్రపు నీళ్లలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలంగా మారుతుంది. మా తొట్టిలో రెండు రోజులకే అది ఎర్రగా ఉండిపోయేది. నీళ్లు పులుపుకు తిరుగుతున్నాయన్నమాట. అప్పుడు సున్నపు తేట, అంటే సున్నం అడుక్కు దిగినాక పైన తేరిన నీళ్లు, చుక్కచుక్కగా వేయాలి. ఎక్కువైనా చేపలు చస్తాయి, తక్కువైనా చస్తాయి. నా తొందరకు మొదటి వారమే రెండు పోయినాయి.

ఆ పని అటెండర్ ఖాదర్ మామకు అప్పగించినా. యాభై దాటినవాడు, ఓపికస్తుడు. రోజూ పొద్దున ఇరవై చుక్కలు లెక్కపెట్టి వేసేవాడు. నల్లచారల చేప ఒకటుండేది. అదంటే ఆయనకు ప్రాణం.

దసరా సెలవుల్లో ఆయన భార్యతో పామూరులో కూతురింటికి పోయి, అక్కడే జ్వరంతో పడినాడు. చుక్కలు నేనే వేస్తూ వచ్చినా. ఇంతలో వెలిగండ్లలో మా నాయనకు బాగలేదని కబురొచ్చింది. తొట్టి ఉన్న సైన్సు గదికి తాళం వేసి బయల్దేరినా. ఉన్నది ఒకటే తాళంచెవి, అది నా దగ్గరే ఉంది.

ఆరు రోజులకు తిరిగొచ్చి, కుళ్లు వాసనకు సిద్ధపడి తలుపు తీసినా. వాసన లేదు. నాలుగు చేపలు ఈదుతున్నాయి. కాగితం ముంచితే నీలంగా మారింది. సున్నపు తేట సీసాకు బిరడా బిగించే ఉంది, తేట మాత్రం రెండు వేళ్లు తగ్గింది.

చారల చేప తొట్టి పక్కన పలక ముక్క మీద ఎండిపోయి ఉంది. ఎగిరి పడిందనుకుందామంటే, తొట్టి మీద కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

నేనెవరికీ చెప్పలేదు. వారం తర్వాత ఖాదర్ మామ, ఆయన భార్య వచ్చినారు. గుమ్మంలోనే ఆమె అన్నది: "జ్వరంలో పొద్దున్నే లేచి, గాల్లో చెయ్యి పెట్టి ఇరవై దాకా లెక్కపెట్టేవాడు అయ్యవారూ. ఒకరోజు ఏడ్చినాడు. ఏందంటే, చారలది చచ్చిపోయింది, తీసి పలక మీద పెట్టినా అన్నాడు. అది బాగుందా?"

ఖాదర్ మామకు అదేమీ గుర్తులేదు. తొట్టిలోకి వంగి చూసినాడు.

"చచ్చిందా అయ్యవారూ?"

"చచ్చింది మామా."

"యాడ దొరికింది?"

చెప్పినా. ఆయన తన కుడిచేతిని చాలాసేపు చూసుకున్నాడు.

కిటికీ కమ్ములు చూసినా, పెంకులు చూసినా, కోలుకున్నాక మా నాయనతో కూడా తర్కించినా. ఏ కారణమూ నిలవలేదు.

ఖాదర్ మామ మళ్లీ ఆ సీసా ముట్టలేదు. "మీరే వేయండి అయ్యవారూ, నాకు భయమైతాంది," అన్నాడు. వేసవి దాకా నేనే వేసినా.