సన్నగా కారిన కొళాయి

2024 జనవరి 16, మంగళవారం, ఉదయం 6:40. దోహాలో వెస్ట్ బే వెళ్ళే బస్సులో ఉన్నాను. కెనడా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. తను నడిపే బేకరీకి రెండు రోజులు సెలవట, హీటర్ ఆపి కొళాయిలన్నీ బిగించి వచ్చిందట. నేను నేర్పిన పద్ధతే కనుక మెచ్చుకున్నాను.

స్పీకర్‌లో మా మాటలు విని, పక్క సీట్లో కంపెనీ చొక్కా వేసుకున్నాయన ఇటు తిరిగాడు.

"అమ్మా, ఆ చలిల గట్ల బంద్ చేస్తే నీళ్ళు గడ్డకట్టి పైపులు పగుల్తయ్. రష్యాల నేను పైపుల పనే చేసిన. హీటర్ నడువనియ్యమను, నల్లా సన్నగ కారనియ్యమను."

"నీళ్ళు వృథా కదా బాబూ?"

"పైపు పగిలితే దుకాణమే మునుగుతది గదమ్మా."

నా ఫోన్ తీసుకుని అమ్మాయికి అంతా వివరంగా చెప్పాడు. ఆమె వెంటనే బేకరీకి వెళ్ళింది. ఆ రెండు రోజుల్లో ఇరుపక్కల దుకాణాల్లోనూ పైపులు పగిలాయి.

మాకు పోయినవి నాలుగు బకెట్ల నీళ్ళు. ఆయనకు పోయినవి, ఫోన్‌లో చెబుతూ దిగడం మరిచి దాటిపోయిన రెండు స్టాపులు.